పలకల మీద దుప్పటి

ఆ ఉదయం క్వాంగ్ దషంగ్ పెట్టుకున్న పని చిన్నది. పలకల్ని తన పీతల చెరువులో తేల్చడం, వచ్చి టీ తాగడం. శరత్పూర్ణిమ పండగకు ముందే పీతలు నగరానికి వెళ్ళాలి. ఎండాకాలంలో పోసిన యాంటీబయాటిక్ మందు నీళ్ళలో ఇంకా ఉందని తనిఖీవాళ్ళు ఒకసారి సరుకు వెనక్కి పంపేశారు. మళ్ళీ వెనక్కి పంపితే ఏడాది కష్టం పోయినట్టే.

పలకలు తెచ్చిన షియా చున్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే పిల్ల. రెండు రకాల పొడులు కలిపి కాల్చి, పచ్చటి పూతగా వాటికి పట్టించింది.

"మామూలు వెలుగు పడితే చాలు బాబాయ్, నీళ్ళలో మందు దానంతటదే విరిగిపోతుంది. శనివారం వస్తా. పలకలు జాగ్రత్త, నా చదువంతా వాటిమీదే ఉంది."

జాగ్రత్త అన్న మాట దషంగ్ భార్య యిన్‌జు చెవిన పడింది. ఆ ఇంట్లో జాగ్రత్త అంటే కప్పి ఉంచడమే. టీవీకి, ఫ్యానుకి, కొత్త కుర్చీలకి అన్నిటికీ ముసుగులే. బాతులు పలకలెక్కి రెట్టలు వేయడం చూసి ఆమె పెళ్ళినాటి దుప్పటి తెచ్చింది.

"వెలుగు పడాలందిగా?" అన్నాడు దషంగ్.

"చుట్టూ ఉన్నది వెలుగు కాక చీకటా? ఆ కొస పట్టు."

పట్టాడు.

అతను వెదురుగడతో తరిమిన బాతులు గట్టున ముడుచుకు కూర్చుని మేత ముట్టలేదు. పచ్చపొడి తిని రోగం తెచ్చుకున్నాయని యిన్‌జు తేల్చేసింది. అటకమీది పాత యాంటీబయాటిక్ మందు దించి మేతలో కలిపి చల్లింది. సగం చెరువులోనే పడింది.

"అదేం మందే?"

"బాతుల మందు. పీతలకేం సంబంధం?"

శనివారం షియా చున్ నీళ్ళు పరీక్షించి తెల్లబోయింది. "బాబాయ్, మందు మొదటికంటే ఎక్కువైంది!" అప్పుడు దుప్పటి కనిపించింది. "పిన్నీ, ఇదేంటి?"

"నీ సొమ్మేనమ్మా. ఒక్క గీత పడలేదు, చూసుకో."

ఆ పిల్ల ఏడవలేదు. దుప్పటి కింది నీళ్ళు సీసాలో పట్టుకుని, తర్వాత దుప్పటి లాగేసింది. ఆపైన ఎండలు బాగా కాశాయి. తనిఖీవాళ్ళు వచ్చే నాటికి మందు జాడ లేదు. పీతలు పండగకు అందాయి.

కొన్నాళ్ళకు ఆమె ఒక పరిశోధన పత్రిక పట్టుకుని పరుగున వచ్చింది. పని చేసేది నిజంగా వెలుగేనా, రుజువేదని వాళ్ళ మాస్టారు మొదట్నుంచీ సతాయిస్తున్నాడట. కప్పితే అలాగే ఉన్న మందు, దుప్పటి తీస్తే విరిగిపోయిందని తేలడంతో ఆ నోరు మూతపడింది.

"మీ పేరు, చెరువు పేరు అచ్చయ్యాయి బాబాయ్! కప్పినప్పుడు మందు ఎంత ఉందో బొమ్మ గీసి మరీ వేశారు."

దషంగ్ ఆ బొమ్మలో అన్నిటికంటే ఎత్తైన గీత మీద వేలు పెట్టాడు.

"పీతల షావుకార్లు ఇవి చదవరు కదా?"