క్రమశిక్షణ గల టమాటా

"ఇకమీదట ఈ వీధిలో ఏ ఇల్లాలూ టమాటా కొనుక్కోదు, కోసుకుంటుంది!" అని మంత్రిగారు మైకు పట్టుకుని ప్రకటించగానే మా వీధి చప్పట్లతో మారుమోగిపోయింది. మొక్క ఉచితం, కుండీ ఉచితం, కుండీ మీద మంత్రిగారి ఫొటో కూడా ఉచితం. మొక్క ఆకుపచ్చ, కుండీ ఆకుపచ్చ, మంత్రిగారి పార్టీ కండువా ఆకుపచ్చ. ఆ కండువాలు కుట్టిన దర్జీని నేనే కాబట్టి, ఆ రంగు గురించి కాస్త గర్వంగానే చెప్పగలను. సీజనులో మొట్టమొదట పండిన టమాటాను మంత్రిగారు స్వహస్తాలతో కోసి, అక్కడికక్కడే ఆరగించి, ఆ ఇంటికి 'ఆదర్శ గృహం' అని బిరుదిస్తారట.

మా మిద్దె మీది కుండీ మా అత్తగారి పాలన కిందికి వచ్చింది. ఆమధ్య ఆవిడకు తగిలిన జ్వరం, పోతూ పోతూ నోటి రుచిని కూడా పట్టుకుపోయింది. ఏం పెట్టినా మట్టి నమిలినట్టుందని కంచం తోసేసేవారు. మనిషి చిక్కి సగమైపోయారు. మా ఆవిడ చాటుగా కళ్ళొత్తుకునేది. నాకూ భయంగానే ఉండేది.

"కొట్టులో కాయలు వద్దు అల్లుడుగారూ. చెట్టున పండింది ఒక్కటి తగిలితే నా నోరు దానంతటదే బాగుపడుతుంది" అనేవారు అత్తగారు.

ఇక చూసుకోండి. పూత రాలితే ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు. పిందె పడితే పక్కింటికి తెలియకుండా సంతోషించేవాళ్ళం. మా వీధిలో పలకరింపులే మారిపోయాయి. "బాగున్నారా?" అనడం మానేసి "మీది రంగు తిరిగిందా?" అని అడగడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు మా కాయే దోరకొచ్చింది. అడుగున చొక్కా గుండీ అంత ఎరుపు.

ఆ శుభవార్త చెవిన పడగానే పార్టీ కార్యకర్త పరుగున వచ్చాడు. ఏ సభలోనూ మైకు వదలడు కాబట్టి మేం అతన్ని మైకు అనే పిలుస్తాం. మిద్దెక్కి కాయకు వినయంగా నమస్కారం పెట్టాడు. వంగి దాన్ని చూశాడు. ఆ తరువాత తన కండువా చూసుకున్నాడు.

"మాస్టారూ, ఇదేంటి, ఎర్రబడుతోంది?"

"టమాటా కదా మరి."

"ఎరుపు అవతలి పార్టీ రంగండీ బాబూ! ఎన్నికల ముందు ఇంటింటి మీదా ఎర్రగా వేలాడితే మేం మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"మొక్కలు పంచేటప్పుడు ఆలోచించలేదా?"

"ఎందుకాలోచించలేదు? మొక్క పచ్చగానే ఉంది కదా!"

ఆ సాయంత్రమే మంత్రిగారింట్లో అత్యవసర సమీక్ష జరిగింది. కుట్టిన కండువాలు అప్పజెప్పడానికి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను కాబట్టి, ఆ పాలనా దక్షతను కళ్ళారా చూసే భాగ్యం నాకు దక్కింది.

"పండకుండా ఆపలేరా?" అని అడిగారు మంత్రిగారు.

"కుదరదు సార్. అది ప్రకృతి" అన్నారు తోటల శాఖ ఆఫీసరుగారు.

"ఆ శాఖ ఎవరు చూస్తున్నారు?"

ఎంత ఆరా తీసినా దొరక్కపోవడంతో, రంగు తిరిగిన కాయను ఫిరాయింపుదారుగా పరిగణించి వెంటనే కోసెయ్యాలని ఉత్తర్వులిచ్చారు. అంతటితో ఆగలేదు. ఆదర్శంగా ఉండడానికి టీవీలో పచ్చి టమాటా ఒకటి కొరికి, "పచ్చికాయే ఆరోగ్యం" అన్నారు. ఆ సమయంలో ఆయన కళ్ళలో తిరిగిన నీళ్ళు ప్రజల మీద ప్రేమవల్ల వచ్చాయని మైకు మాకు వివరించాడు.

మర్నాడు కోతల దళం మా వీధి మొదట్లో దిగింది. అత్తగారు కుండీ పక్కన చతికిలబడ్డారు.

"దీన్ని కోస్తే నన్ను కూడా కోసుకుపొమ్మనండి" అన్నారు. గొంతు వణికింది. అంత గట్టి మనిషి గొంతు వణకగా వినడం నాకదే మొదలు.

నేను కిందికి పరుగెత్తి, మిగిలిన కండువా గుడ్డతో చిన్న సంచి కుట్టి, కాయకు తొడిగి, తొడిమ దగ్గర ముడేశాను. అంతలో ఆఫీసరుగారూ మైకూ మెట్లెక్కి వచ్చేశారు.

"ఏమిటిది?" అన్నారు ఆఫీసరుగారు.

"కండువా సార్. కాయ తనంతట తానే కప్పుకుంది" అన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలని పెద్దలన్నారు కదా.

మైకు కంట తడి పెట్టుకున్నాడు. "ఇంత క్రమశిక్షణ మా వాళ్ళలో కూడా చూడలేదు మాస్టారూ!"

పొద్దు గూకే లోపల కోతలు ఆగిపోయాయి. టమాటాలన్నిటికీ ఆకుపచ్చ సంచులు తొడగాలని కొత్త ఉత్తర్వు వచ్చింది. కుట్టే బాధ్యత నాకే అప్పగించారు. వీధి వీధంతా ఆకుపచ్చగా కళకళలాడింది. లోపల కాయలు ఏ రంగులో ఉన్నాయని అడిగితే, "పైన కండువా ఉన్నాక లోపల ఏముందని మా పార్టీలో ఎవరూ అడగరు, మర్యాద కాదు" అన్నాడు మైకు.

ఎన్నికలు ఇంకా దగ్గరపడ్డాయి. ఒక మధ్యాహ్నం మైకు నా కొట్టులోకి వచ్చి, షట్టరు సగం దించి, చంకలోంచి ఎర్ర గుడ్డ తీశాడు.

"మంత్రిగారికి ప్రత్యేకంగా ఒక కండువా కావాలి. పైన ఆకుపచ్చ, కింద ఎరుపు. మధ్యలో కచ్చా కుట్టు వెయ్యండి. ఒక్క దారం లాగితే పైది ఊడి రావాలి."

"ఎప్పుడు లాగుతారు?"

"గాలి చూసుకుని. ఐడియా మీ సంచి చూసే వచ్చిందట, సారు మెచ్చుకున్నారు కూడా."

ఒక పేద దర్జీ పని ఒక మహానాయకుడి ఆలోచనకు ఊపిరి పోసిందంటే అంతకంటే ఏం కావాలి? ఆ ఉత్సాహంలో కత్తిరిస్తుంటే అత్తగారు వచ్చి, "దిండులో కూరుకుంటాను" అంటూ కింద పడిన ఎర్ర పీలికలన్నీ కొంగులో మూటగట్టుకుపోయారు.

మొదటి పండు కోసే రోజు రానే వచ్చింది. ఆ ఉదయం అత్తగారు కంచం ఖాళీ చేసి, మారు వడ్డించమన్నారు. మా ఆవిడ గరిటె పట్టుకునే ఏడ్చేసింది. నాకూ గుండె మీది బరువు దిగిపోయింది. డాక్టరు మందు ఇన్నాళ్ళకు పట్టిందనుకున్నాను.

మంత్రిగారు మా మిద్దెక్కారు. కింద వీధి నిండా జనం, ఎదుటి మిద్దె నిండా కెమెరాలు.

"ప్రజల మనసు పండింది! పండినదాన్ని దాచి పెట్టడం నా అంతరాత్మకు చేతకాదు!" అంటూ మంత్రిగారు దారం లాగారు. నా కుట్టు మాట తప్పలేదు. ఆకుపచ్చ జారి కింద పడింది, భుజాల మీద ఎరుపు మిగిలింది. జనం నోళ్ళు తెరిచారు. ముందుగా తేరుకుని చప్పట్లు కొట్టింది మైకే. అప్పటికే అతని మెడలోనూ ఎరుపు ఉంది. అతనిది ఎవరు కుట్టారో నాకు తెలియదు. ఆఫీసరుగారు చేతిలో ఫైలు తిరగేసి పట్టుకున్నారు. దాని వెనక అట్ట ఎర్రగా ఉంది.

ఆ తరువాత మంత్రిగారు సంచి ముడి విప్పారు. లోపల గుండ్రంగా, ఎర్రగా మెరిసింది. వీధంతా జేజేలు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. వేళ్ళు ఒక్కసారి ఆగిపోయాయి.

పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనబడింది. కత్తెర అంచులు, ఉండలా చుట్టి కుట్టిన పీలికలు. ఆయన కండువాలోంచి మిగిలిన గుడ్డే. మంత్రిగారు నా వైపు చూశారు. నేను అత్తగారి వైపు చూశాను. అత్తగారు ఆకాశం వైపు చూస్తున్నారు.

"కొరకండి సార్!" అని ఎదుటి మిద్దె మీంచి కెమెరా అతను అరిచాడు.

మంత్రిగారు కొరికారు. చాలాసేపు నమిలారు. పెదవి చివర ఎర్ర దారం ఒకటి వేలాడింది.

"ఇంత తియ్యటి పండు నా జన్మలో తినలేదు!" అన్నారు.

చప్పట్ల మోతలో అత్తగారు నా చెవి దగ్గరకు వంగారు.

"పొద్దున నేను కాస్త ఉప్పు చల్లుకుని తిన్నాను అల్లుడుగారూ. పాపం, ఆయనక్కూడా చల్లి పెట్టాల్సింది."