మొలతాడు కొలత

కొడవలూరులో నన్ను ముంచినవాడు ఒక్కడే. కాంపౌండరు సమాధానం. పేరుకు సమాధానమే గానీ, ఆయన నోరు తెరిచిన నాటి నుంచి నా ఇంట్లో అన్నీ ప్రశ్నలే.

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. లెక్కలు అంతగా రావు. కానీ నా స్థలం ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కాలవ పక్కన ముప్పై ఏడు అంకణాలు. అందులో తాటాకు కొట్టం వేసి, నలుగురం చేరి పేకాడుకోవాలని నా కోరిక. కూరగాయల మళ్లు వెయ్యాలని నా భార్య రాఘవమ్మ కోరిక. మూడేళ్ల పాటు ఆ స్థలంలో రెండు కోరికలూ పక్కపక్కనే గడ్డి మేశాయి.

అప్పట్లో నా పొట్ట కాస్త ముందుకొచ్చిన మాట నిజమే. బండిలో వెనక కూర్చుంటే కాడి పైకి లేచేది. ఒకసారి అలా లేచిన కాడి కింద నుంచి ఎద్దులు తప్పుకుని, నన్నూ బండినీ డొంకలో వదిలేసి ఇంటికి పోయాయి. మర్నాడే రాఘవమ్మ నన్ను సమాధానం దగ్గరికి లాక్కుపోయింది.

ఆయన నా పొట్టను పుచ్చకాయలా తట్టి చూశాడు. "హజరత్తయ్యన్నా, నడకా తిండీ జోడెద్దులు. పొద్దున్నే నడిస్తే నోరు మంచి తిండి అడుగుతాది. మంచి తిండి తింటే కాళ్లు నడక అడుగుతాయి. ఒకదాన్ని తోలితే రెండోది దానంతటదే కదలతాది."

"ఉన్న ఎద్దులే నన్ను వదిలేసి పోయినాయి. మళ్లీ ఈ జోడు ఎందుకబ్బా?" అన్నాను.

ఆ పూటే కంచంలోకి రాగిసంగటీ మునగాకూ వచ్చాయి. నెయ్యి గిన్నె అటక ఎక్కింది.

"నడుస్తా గానీ, ఇది తినను," అన్నాను.

"నువ్వు నడిచేదానికి ఆ అటకే దిగొస్తాదిలే," అంది రాఘవమ్మ.

నాకు రోషం వచ్చింది. "నలభై రోజుల్లో నా మొలతాడు నాలుగు వేళ్లు వదులు కాకపోతే అడుగు!"

"అడగతా. ఏమిస్తావు?"

"వదులైన వేలుకు తొమ్మిది అంకణాలు నాకు. బిగిసిన వేలుకు తొమ్మిది నీకు."

పక్కింటి మస్తానమ్మ గోడ మీద నుంచే సాక్ష్యం చెప్పింది. రాఘవమ్మ నా మొలతాడు నడుముకు సరిగ్గా పట్టించి, ముడి వేసి, ముడికి పసుపు పూసింది.

మర్నాడు కోడి కన్నా ముందు లేచాను. పట్టుదలంటే నాది! ట్రంకు రోడ్డు దాకా రెండు మైళ్లు ఆగకుండా నడిచాను. అక్కడ ముత్యాలయ్య హోటలుంది. పెనం మీద నెయ్యి కారం దోసె. సమాధానం చెప్పినట్టే నోరు మంచి తిండి అడిగింది. మంచి తిండంటే ఏమిటో నా నోటికి నాకన్నా బాగా తెలుసు.

రెండు దోసెలు తిన్నాక, రేపు కూడా నడవాలని కాళ్లు అడిగాయి. జోడెద్దులు నిజంగానే జోడుగా నడిచాయి. కాకపోతే హోటలు వైపు.

ఇంట్లో మాత్రం సంగటి రెండు ముద్దలతో చేయి కడిగేసేవాణ్ణి.

"ఇంత తక్కువ తింటా ఉండావేందయ్యా?"

"నడక మహిమ!"

నలభయ్యో రోజు వచ్చింది. సాయంత్రం కొలత. పసుపు ముడి పొట్ట మడతల్లో ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. తెల్లవారకముందే కాలవ గట్టుకు పోయి, సంతలో కొన్న కొత్త మొలతాడు బాగా వదులుగా కట్టుకుని, దాని ముడికీ పసుపు పూశాను. పాతదాన్ని ముడి పక్కన తెగ్గోసి కాలవలోకి విసిరాను. చెప్పులు కరుస్తున్నాయని గట్టునే వదిలి హోటలుకు నడిచాను. ఆఖరి రోజు కదా, ఆరు దోసెలు తిన్నాను.

విసిరిన మొలతాడు నీళ్లలో పడలేదు. ముళ్లకంపకు తగులుకుంది. నీళ్లకొచ్చిన మస్తానమ్మ అది చూసింది, కింద చెప్పులు చూసింది. మగవాడి ఒంటి మీది మొలతాడు ప్రాణం పోయాకే తీసేస్తారని మా వైపు అందరికీ తెలుసు. ఆమె కేకకు ఊరంతా కదిలింది.

నేను తిరిగొచ్చేసరికి గట్టు నిండా జనం. ఇద్దరు నీళ్లలో మునిగి వెతుకుతున్నారు.

"వల తెండి!"

"ఆ మనిషికి వలేం చాలతాది? మోకులు తెండి!"

రాఘవమ్మ ఒక్కతే కళ్లు తడవకుండా నిలబడి ఉంది. "మా ఆయన మునిగే మనిషి కాదు. తేలతాడు," అంటోంది.

జనం వెనక నుంచి అడిగాను, "ఎవురు పోయినారు?"

"నువ్వే బావా!" అని ఏడ్చిన మస్తానమ్మ, తిరిగి నన్ను చూసి మళ్లీ కేక పెట్టింది.

రాఘవమ్మ దగ్గరికొచ్చి నా మీసం వాసన చూసింది. "నెయ్యి," అంది. ఇంకోసారి చూసి, "కారం," అంది. తెగిన మొలతాడును ఊరందరి ముందూ నా నడుము చుట్టూ తిప్పింది. రెండు కొసలూ కలవలేదు. సాక్షి కదా, మస్తానమ్మ ఆ సందులో వేళ్లు పెట్టి చూసింది.

"నాలుగక్కా! పట్టి పట్టనట్టు నాలుగు!"

"నాలుగు వేళ్లు నోట్లోకి పోయినాయి, నాలుగు వేళ్లు నడుం మీదికొచ్చినాయి," అంది రాఘవమ్మ. "నడువు, మళ్లు తవ్వాల."

ఆ రోజు నుంచి తవ్వకం నాది. కాలవ నుంచి మళ్లకు కావిడితో పూటకు ముప్పై సార్లు నీళ్ల మోత. "నడకే కదయ్యా," అంటుంది. మధ్యాహ్నానికి ఆకలితో కళ్లు తిరుగుతాయి. ఒకనాడు సంగటిలో తోటకూర నంజుకుంటూ, నన్నడక్కుండానే నా చేయి రెండోసారి కూర గిన్నెలోకి పోయింది. దాన్ని నేను ఇంతవరకూ క్షమించలేదు.

ఆరు నెలలకు పాత మొలతాడు తెచ్చి నేనే చుట్టి చూసుకున్నాను. ముడి దాటి అయిదు వేళ్లు వదులు!

"ఏమే, తొమ్మిదయిదులు నలభై అయిదు! నా అంకణాలు నాకియ్యి!"

"గడువు నలభై రోజులే. అయినా నలభై అయిదు అంకణాలు నీకెప్పుడున్నాయయ్యా?"

సమాధానం ఆదివారం ఆదివారం వస్తాడు. రాఘవమ్మ ఆయనకు ఆకుకూర కట్ట ఊరికే ఇస్తుంది. "చూసినావా అన్నా, జోడెద్దులు!" అంటాడు. కావిడి భుజాన నేనుంటాను. ఆ జోడుకు మూడో ఎద్దు ఎవరో ఆయనకు కనబడదు.

నాకు మిగిలింది ఒక్క అంకణం. ఒక మంచం పడుతుంది, పేకాటకు నలుగురు పట్టరు. పోయింది ముప్పై ఆరు అంకణాలు.