ఆదివారం పొద్దున కాస్త శబ్దం

శనివారం పొద్దున మినోరి వేసుకున్న పథకం చాలా చిన్నది. మర్నాడు పెందలాడే లేచి గుడ్డుతో తియ్యటి చుట్టలు వేయాలి. నడుమ పుల్లటి ఊరగాయ పండు పెట్టి అన్నం ముద్దలు కట్టాలి. నారింజ రంగు పాత కారులో మొగుడు కోహెయ్ పక్కన కూర్చుని కొండ మీది సరస్సు దాకా వెళ్లి రావాలి. పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు. బండిలో ఇద్దరికే చోటు. మూడో మనిషికి చోటు లేకుండా బండి తయారుచేసిన ఆ మహానుభావుడెవరో గానీ, అతనికి మినోరి మనసులోనే ఒక దండం పెట్టుకుంది.

బండి మినోరి కంటే వయసులో చాలా పెద్దది. పొడుగు ముక్కు, పొట్టి వెనుక భాగం, గుండ్రటి కళ్లు. కోహెయ్ పినతండ్రి కుర్రతనంలో కొని, ముసలితనంలో మూలన పడేసి, పెళ్లికానుకగా ఇచ్చేశాడు. లారీ మీద, పరదా కప్పుకుని, కొత్త కోడలిలా కిర్యూ ఊళ్లోకి దిగింది. అప్పటినుంచీ కోహెయ్ నీటి సరఫరా ఆఫీసు నుంచి రాగానే షెడ్డులో దూరేవాడు. ఒకరోజు నేల రేకు తుప్పు గీకేవాడు, ఒకరోజు ఎండిపోయిన రబ్బరు గొట్టాలు మార్చేవాడు. ఇంజిను ఇంకా పలకకముందే, కార్బురేటర్లు మూడూ ఒకే తీరున ఊపిరి పీలుస్తాయో లేదో చూడటానికి చిన్న గొట్టం చెవిలో పెట్టుకుని డాక్టరులా వినేవాడు. అప్పుడప్పుడు ఆ గొట్టం మినోరి చెవికి ఆనించేవాడు.

"వినపడుతోందా?"

"నీ ఊపిరి వినపడుతోంది."

అంతే, ఆ సాయంత్రానికి ఇద్దరికీ అన్నం సంగతి గుర్తుండేది కాదు.

చిక్కంతా షెడ్డుతోనే వచ్చింది. అది సునగా మామ్మగారిది. ఒకప్పుడు అందులో పట్టు మగ్గాలు ఆడేవి. రంపం పళ్లలా ఉన్న కప్పు, ఉత్తరం వైపు వరసగా అద్దాలు. ఆ వీధిలో అలాంటి కప్పు అదొక్కటే మిగిలింది. మామ్మగారు దాన్ని అద్దెకిస్తూ ఒకే మాట చెప్పింది: "సామాన్లు పెట్టుకోండి. మోత మాత్రం వద్దు." కోహెయ్ తల ఊపాడు కానీ బండి మాట ఎత్తలేదు. నడవని బండిని చూపించుకోవడం దేనికి, నడిచాక చూపించి కాళ్లమీద పడదాం అనుకున్నాడు. ఇప్పుడది నడవడానికి సిద్ధమైంది. బండి పినతండ్రి పేరు మీంచి కోహెయ్ పేరు మీదికి మారాలంటే, దాన్ని నిలబెట్టుకునే చోటు ఉందని పోలీస్‌స్టేషన్‌లో కాగితం ఇవ్వాలి. ఆ కాగితం మీద చోటు యజమాని సంతకానికి బదులు వేసే ముద్ర పడాలి. ముద్ర లేకపోతే బండి లేదు.

"రేపు సరస్సు నుంచి వచ్చాక మామ్మగారి దగ్గరికి వెళ్దాం. చేపలేమైనా తీసుకెళ్తే కరుగుతుందేమో," అన్నాడు కోహెయ్.

"ముందు వీధి సంగతి చూడు. అది దగ్గడం మొదలుపెడితే చచ్చినవాళ్లు లేచి కూర్చుంటారు. ఇవాళే అందరికీ ఒక మాట చెప్పి వస్తాను."

ఒక మాట చెప్పడానికి ఉత్త చేతులతో వెళ్లకూడదు కదా. చిక్కుడు పిండి మిఠాయిలు కొందామని మినోరి బయల్దేరితే ఆ కొట్టు మూసి ఉంది. పక్క కొట్టులో మెత్తటి తెల్ల తువ్వాళ్లు కనిపించాయి. చెంపకి ఆనించుకుని చూస్తే ఎంత హాయిగా ఉన్నాయో! కొట్టావిడ "పని ఎప్పుడమ్మా?" అని అడిగింది. "రేపు పొద్దున్నే," అంది మినోరి. కొట్టావిడ ఇంకేమీ అడక్కుండా, ఒక్కోదానికీ తెల్ల కాగితం పట్టీ చుట్టి, నిట్టూర్చి ఇచ్చింది.

మినోరి యొకొహామాలో, అపార్టుమెంటులో పెరిగిన పిల్ల. ఈ పాతవీధిలో ఇల్లు కట్టబోయేవాడు, ఉన్నది కూలగొట్టబోయేవాడు మాత్రమే ముందురోజు ఇంటింటికీ తువ్వాళ్లు పంచుతాడన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"రేపు పొద్దున కాస్త శబ్దం, కాస్త పొగ ఉంటాయి పిన్నిగారూ. మన్నించాలి," అని పక్కింటి కొగురె పిన్నిగారికి రెండు చేతులా తువ్వాలు అందించింది.

కొగురె పిన్నిగారు తువ్వాలు చూసింది, షెడ్డు వైపు చూసింది. ఇన్నాళ్లుగా సాయంత్రం పూట అందులోంచి వినపడుతున్న సుత్తి దెబ్బలకు ఆవిడకు ఇప్పుడు అర్థం దొరికింది. "అలాగా... చాలా పాతది కదా," అంది నీరసంగా.

"పాతదే! అదే కదా అందం!" అంది మినోరి మెరిసిపోతూ.

ఏం కూలుస్తున్నారని ఎవరైనా ఒక్క ముక్క అడిగి ఉంటే కథ అక్కడే ముగిసేది. కానీ ఎదుటివాళ్లు చెప్పనిది అడగడం ఆ వీధిలో మర్యాద కాదు. వీధి సంఘం పెద్ద ఈజుకా బాబాయిగారు తువ్వాలు అందుకుని, "కుర్రవాళ్లకి మీ లెక్కలు మీకుంటాయి," అని మాత్రం అన్నాడు. తలుపు వేసుకుని, నేరుగా సునగా మామ్మగారికి ఫోన్ చేశాడు.

సాయంత్రానికి బదులు కానుకలు రావడం మొదలయ్యాయి. కొగురె పిన్నిగారు దుమ్ము ముసుగుల పెట్టె ఇచ్చింది. ఈజుకా బాబాయిగారు మోటు చేతి తొడుగులు పంపాడు. మినోరి కళ్లు చెమర్చాయి.

"చూశావా కోహెయ్! పొగకి ముసుగులు, గ్రీజుకి తొడుగులు. వీళ్లకి బండి సంగతి ఎప్పుడో తెలుసు. మనమే దాచామనుకుంటున్నాం!"

"తెలిస్తే మామ్మగారికీ తెలిసి ఉంటుందిగా?" అన్నాడు కోహెయ్.

"తెలిసీ ఊరుకుందంటే ఒప్పుకున్నట్టే!"

ఆదివారం పొద్దున కోహెయ్ వెనక తలుపు గుండా షెడ్డులోకి వెళ్లాడు. మినోరి అన్నం మూట పట్టుకుని ముందువైపు వచ్చి నిలువునా ఆగిపోయింది. షెడ్డు రెండు మూలలా చిన్న చిన్న ఉప్పు కుప్పలు. గుమ్మం ముందు ఒక సాకే సీసా, బియ్యపు సారాది. "బండికి దిష్టి కూడా తీశారు!" అనుకుని పొంగిపోయింది. కూల్చబోయే కట్టడాన్ని సాగనంపడానికి పెట్టేవవి అని ఆమెకేం తెలుసు? వీధిలో ఆరేసిన బట్టలు లేవు. పూలకుండీల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. కొగురె పిన్నిగారు పిల్లిని బుట్టలో పెట్టుకుని నిలబడింది. అందరూ బయటే ఉన్నారు. అందరూ మినోరికి తలలు వంచారు.

మినోరి కూడా వంగి, "ఇంతమంది వచ్చారా! నాకెంత సంతోషంగా ఉందో!" అంది.

ఒకాయన ముక్కు చీదాడు.

అప్పుడు సునగా మామ్మగారు వచ్చింది. చావుకి వెళ్లేటప్పుడు కట్టే నల్ల కిమోనో, ఒక చేతిలో భర్త ఫోటో, ఇంకో చేతిలో మడత స్టూలు. షెడ్డు తలుపుకు ఎదురుగా స్టూలు వేసుకుని, ఫోటో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మినోరి కంగారుపడింది. "మామ్మగారూ, అక్కడొద్దు. పక్కకి జరగండి, మీదికి వచ్చేస్తుంది!"

"రానీ," అంది మామ్మగారు.

"దెబ్బ తగులుతుందండీ!"

"తగలనీ. ముందు నేను, తర్వాత షెడ్డు. కానివ్వమను మీ ఆయన్ని."

షెడ్డు అనే మాట మినోరి తలలోకి సగం దిగిందో లేదో, లోపల ఢామ్మని పేలింది. బండి తొలి దగ్గు అది. కప్పు అద్దాలన్నీ గలగలమన్నాయి, పిల్లి బుట్ట దూకి పారిపోయింది.

"మొదలెట్టేశాడు!" అని అరిచాడు ఈజుకా బాబాయిగారు. కొగురె పిన్నిగారు కొత్త తువ్వాలుతోనే కళ్లు ఒత్తుకుంది. మళ్లీ ఢామ్మంది. నల్లటి పొగ తలుపు సందుల్లోంచి పాక్కుంటూ వచ్చింది. వీధి మొత్తం షెడ్డుకు చివరి నమస్కారంగా నడుం వంచింది.

ఆ నమస్కారం పూర్తయ్యేలోపు పేలుళ్లు ఆగి, లోపల ఏదో లోతుగా, నిలకడగా గుర్రుమనసాగింది. తలుపులు రెండు పక్కలకీ జరిగాయి. మసి మొహంతో కోహెయ్, అతని వెనక నారింజ రంగు బండి.

"నడుస్తోంది మినోరీ!" అన్నవాడు జనాన్ని, నల్ల కిమోనోని, ఫోటోని చూసి నోరు తెరిచేశాడు. "ఎవరైనా పోయారా?"

ఈజుకా బాబాయిగారు జన్మలో మొదటిసారి మర్యాద తప్పి ప్రశ్న అడిగాడు. "మరి పొక్లెయిన్ ఏదయ్యా?"

"పొక్లెయినా? దేనికి బాబాయిగారూ?"

"కూలగొట్టడానికి!"

"ఏం కూలగొట్టడానికి?"

ఆ తర్వాత వీధిలో ఎవరేం మాట్లాడారో చెప్పడం కష్టం, ఎందుకంటే అందరూ ఒకేసారి క్షమాపణలు చెప్పుకున్నారు. తువ్వాళ్లకు మినోరి, ఫోన్ చేసినందుకు బాబాయిగారు, ముసుగులకు పిన్నిగారు. వంగినవాళ్లు లేచేసరికి ఎదుటివాళ్లు వంగుతున్నారు. వంగనిది మామ్మగారొక్కతే. ఆవిడ నడుం పట్టీలోంచి చిన్న సంచీ తీసింది.

"అద్దె రద్దు చేసేద్దామని ముద్ర తెచ్చుకున్నాను. మోత వద్దన్నానా లేదా?"

"అన్నారు మామ్మగారూ." కోహెయ్ గొంతు పిల్లి గొంతు కంటే సన్నగా వచ్చింది. మినోరి అతని మసి చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఇంకోసారి తొక్కు."

"ఏంటండీ?"

"ఆ కాలి కింద ఉంటుందే, అది. తొక్కు."

కోహెయ్ లోపల కూర్చుని తొక్కాడు. షెడ్డు పునాది నుంచి కప్పు దాకా వణికింది. మామ్మగారు తలెత్తి అద్దాల వైపు చెవి పెట్టింది.

"మూడో వరసలో కుడివైపు అద్దం. మగ్గాలు ఆడినన్నాళ్లూ అదే మోగేది. బిగిస్తా బిగిస్తా అంటూనే పోయాడు ఈయన." ఫోటో వైపు చూసి గద్దించింది. "విన్నారా? ఇప్పటికీ వదులే!" తర్వాత కోహెయ్ వైపు తిరిగింది. "మగ్గాలు ఆగాక వేరే మోత వినబుద్ధి కాలేదు. ఇది పరవాలేదు. ఆ కాగితమేదో ఉంటే ఇటు తే. షరతు ఒకటే. ప్రతి ఆదివారం ఇదే వేళకి మోగాలి. ఆ అద్దం బిగించావో, ఊరుకోను."

బండి ముక్కు మీదే కాగితం పరిచి, ముద్ర ఊది మరీ గుద్దింది. మినోరి అక్కడే గెంతింది. కొగురె పిన్నిగారు చప్పట్లు కొట్టింది.

"ఎక్కడికి ప్రయాణం?" అడిగింది మామ్మగారు.

"సరస్సు దాకానండీ."

"ఎందరు పడతారు?"

"ఇద్దరేనండీ," అన్నాడు కోహెయ్. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

మామ్మగారు ఏమీ అడగలేదు. అడగడం మర్యాద కాదు. ఫోటో సర్దుకుని, బండి వైపు చూస్తూ నిలబడింది. మినోరి నిట్టూర్చి, ఎడమ తలుపు తీసి, ఆవిడని కూర్చోబెట్టి, అన్నం మూట ఒళ్లో పెట్టింది. నారింజ బండి వీధి మలుపు తిరిగే వేళకి మామ్మగారు గుడ్డు చుట్ట కొరకడం అందరికీ కనిపించింది. వెనక నిలబడ్డ వీధి అంతా చెయ్యి ఊపింది. "వచ్చే వారం నా వంతు," అన్నాడు ఈజుకా బాబాయిగారు, ఎవరూ అడగకుండానే.

ఆ వచ్చే శనివారం బండి చెడిపోయింది. మర్నాడు పొద్దున శబ్దం ఉండదని, మన్నించాలని చెప్పుకుంటూ మినోరి మళ్లీ ఇంటింటికీ తువ్వాళ్లు పంచింది.