ముద్ర ప్రకారం అరవై మూడు కిలోమీటర్లు

ఎలక్ట్రిక్ సైకిలు ఒక చార్జికి ఎంత దూరం వెళ్తుందనేది బ్యాటరీకి సంబంధించిన విషయమే కాదని, అది పూర్తిగా ఎక్కేవాడి స్వభావానికి సంబంధించినదని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. బ్యాటరీ ఏనాడూ తక్కువ వెళ్లదు. మనిషే ఎక్కువ ఆశపడతాడు. ఆ ఆశను సరిచేయడానికే ఊరి చివర ఒక రెండంతస్తుల భవనంలో 'బ్యాటరీ దూర అంచనాల సవరణ కార్యాలయం' వెలిసింది. (సవరించేది దూరాన్ని కాదు, అంచనాని. బోర్డు మీద చిన్న అక్షరాల్లో ఆ ముక్క రాసే ఉంది. ఎవరూ చదవకపోతే అది బోర్డు తప్పు కాదు.)

ఈ సంగతి సూదాయనకు కాస్త ఆలస్యంగా తెలిసింది. అతను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాడు. పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి, పరగడుపున కూర్చున్నవాళ్ల చేతికి సూది గుచ్చి, రక్తాన్ని ఐసు పెట్టెలో సర్దుకొని, రూటు చివర ఉన్న ల్యాబ్ శాఖలో అప్పగిస్తాడు. అందుకే వీధుల్లో అందరికీ అతను సూదాయన. మొన్నటిదాకా మామూలు సైకిలు మీద ముప్పై కిలోమీటర్లు తిరిగేవాడు. ల్యాబ్ మేనేజరు దయతలచి ఎలక్ట్రిక్ సైకిలు ఇప్పించాడు. దాంతోపాటు వచ్చిన కాగితం మీద 'ఒక్క చార్జికి అరవై కిలోమీటర్లు' అని అచ్చయి ఉంది. మేనేజరు అది చదివి, ఆ రోజే రూటును సరిగ్గా అరవై కిలోమీటర్లకు పెంచాడు. అరవై ఒకటి చేయలేదు, మనసున్న మనిషి కనుక.

బండి ముప్పై ఒక్క కిలోమీటర్లు వెళ్లేది. ఆ తర్వాత చడీచప్పుడూ లేకుండా ఆగిపోయేది. అక్కడి నుంచి ముప్పై కిలోల ఇనుమును సూదాయన తన సొంత కాళ్లతో తొక్కుకుంటూ పోయేవాడు. ఎలక్ట్రిక్ సైకిలు వచ్చాక అతని కాళ్లు పీకినంతగా అంతకుముందు ఎన్నడూ పీకలేదు.

రూటులో ఆఖరి ఇల్లు పెద్ద టీచరమ్మది. బడికి హెడ్డుగా చేసి రిటైరైన ఆవిడ. షుగరు ఉంది, వారానికోసారి పరీక్ష. సూదాయన తొమ్మిదింటికి రావాలి. ఎన్నింటికి వచ్చాడో ఆవిడ గోడ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాసి, కింద గీత గీసేది. ఒకరోజు పదకొండు ఇరవైకి తలుపు తీస్తూనే ఆవిడ కళ్లు బైర్లు కమ్మి, గోడ పట్టుకొని నిలబడిపోయింది.

"నిన్న ఏడింటికి తిన్నానబ్బాయ్," అంది. "నా బడిలో ఇంత లేటుగా వస్తే బయట నిలబెట్టేదాన్ని. ఇప్పుడు నిలబెట్టే ఓపిక నాకు లేదు."

సూదాయనకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే మేనేజరు ముందు నిలబడ్డాడు.

"సార్, బండి ముప్పై ఒకటే వస్తోంది. చివరి ఇళ్లవాళ్లు ఆకలికి పడిపోతున్నారు."

"కంపెనీ అరవై అని అచ్చేసింది. మీరు ముప్పై ఒకటి అని నోటితో చెబుతున్నారు," అన్నాడు మేనేజరు ఎంతో ఓపికగా. "నోటిమాట చూసి రూటు తగ్గిస్తే రేపు నన్ను ఎవరడుగుతారో తెలుసా? సవరణ కార్యాలయం నుంచి సర్టిఫికెట్టు తెండి, రూటు మారుస్తాను. పదిహేను రోజుల్లో తేలేకపోతే రూటు ఇంకొకరికి ఇచ్చేస్తాను."

ఈలోగా రోగుల ఇబ్బంది తన దృష్టికి వచ్చింది కాబట్టి, చివరి ఇళ్లన్నింటికీ ఒక సందేశం పంపించాడు: 'మీ పరగడుపును మరికొంతసేపు ప్రశాంతంగా కొనసాగించండి.'

సవరణ కార్యాలయానికి వెళ్లేముందు ఇంట్లో ఒక ప్రయత్నం జరిగింది. సూదాయన భార్య బట్టలు కుడుతుంది. సూదిలో దారం ఎక్కించే కళ్లద్దాలు పెట్టుకొని కంపెనీ కాగితం అడుగున ఉన్న అక్షరాలు చదివింది. ఎక్కేవాడి బరువు నలభై ఎనిమిది కిలోలు. రోడ్డు చదునుగా ఉండాలి. గాలి వెనక నుంచి వీయాలి. మధ్యలో ఆగకూడదు.

"ఏవండీ, ఇది మీ గురించి కాదండీ," అంది. "మీ చిన్నప్పటి ఫొటో చూసి రాశారు."

అయినా ఊరుకోలేదు. పైవాటావాళ్ల తూకం యంత్రం తెచ్చి, మడ్‌గార్డు, గంట, స్టాండు, టిఫిన్ డబ్బా, చివరికి సూదాయన బెల్టు కూడా ఒక్కొక్కటే తీసి తూచి పక్కన పెట్టించింది. మర్నాడు బండి గాల్లో తేలినట్టు పోయింది. సూదాయన ఈల వేసుకుంటూ మొదటి ఇంటికి చేరి, వెనక్కి చెయ్యి చాపితే ఐసు పెట్టె లేదు. తూకం పక్కనే ఉండిపోయింది. (అన్ని సామాన్లలోకీ అదే బరువని ఆవిడ నిన్ననే మెచ్చుకుంది కూడా.) వెళ్లి తెచ్చుకునేసరికి ఎనిమిది కిలోమీటర్ల చార్జి హారతి కర్పూరమైంది. ఆరోజు టీచరమ్మ క్యాలెండరులో రెండు గీతలు పడ్డాయి.

ఇక లాభం లేదని ఆదివారం పూట సూదాయన సవరణ కార్యాలయానికి బయల్దేరాడు. ఆదివారం కూడా తెరిచి ఉంచడం ఆ కార్యాలయం ప్రత్యేకత. (సోమవారం నుంచి శనివారం దాకా సెలవు.) అది సూదాయన ఇంటికి ముప్పై నాలుగు కిలోమీటర్లు. బండి తన మాట నిలబెట్టుకొని మూడు కిలోమీటర్ల ముందే ఆగింది. మిగతాది తొక్కుకుంటూ గేటు చేరితే కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చార్జి మీద వచ్చావా అన్నా?"

"లేదు, మధ్యలో అయిపోయింది. తొక్కుతూ వచ్చాను."

"తొక్కుతూ వస్తే అది సైకిలు కింద లెక్క. ఇక్కడ సైకిళ్లు చూడరు."

"మరి చార్జి మీద వచ్చి ఉంటే?"

"వచ్చేసినట్టేగా? ఇంక ఫిర్యాదేముంది?"

సూదాయన తల పట్టుకున్నాడు. కాపలాదారు మంచివాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "ఆ మలుపు దాకా వెళ్లి నెట్టుకుంటూ రా అన్నా. నడిచొచ్చేవాళ్లని లోపలికి పంపొచ్చు," అన్నాడు. సూదాయన మలుపు దాకా వెళ్లి నెట్టుకుంటూ వచ్చాడు. రిజిస్టరులో 'పాదచారి ఒకరు, వెంట బండి ఒకటి' అని నమోదైంది.

లోపల అంచనాల అధికారి చక్కెర లేని టీ తాగుతూ ఉన్నాడు. ఆ టీ మీద కోపం ఆయన ముఖంలో స్పష్టంగా కనిపిస్తోంది. సూదాయన చెప్పిందంతా విని, నిట్టూర్చాడు.

"కంపెనీవాళ్లు బండి అరవై వెళ్తుందన్నారు. మిమ్మల్ని ఎక్కించుకొని వెళ్తుందన్నారా?"

"ఎవరూ ఎక్కకుండా ఎలా వెళ్తుంది సార్?"

"అదే పరీక్షిస్తాం," అన్నాడు అధికారి. "మా దగ్గర ప్రామాణిక సవారీదారు అనే ఉద్యోగం ఒకటుంది. నలభై ఎనిమిది కిలోలవాడు. పెళ్లయ్యాక యాభై రెండుకు వచ్చాడు. సస్పెండు చేశాం. ఆ పోస్టు ఖాళీగా ఉన్నంతకాలం సవారీదారు బరువు సున్నా అనుకోవాలని రూలు."

బండికి వాళ్లే చార్జి పెట్టి, స్టాండుకు ఎత్తి, వెనక చక్రం నేలకు జానెడు పైన ఉండేలా బిగించారు. రోడ్డు అక్కర్లేదు కాబట్టి రోడ్డు చదునే. తలుపులు మూశారు కాబట్టి ఎదురుగాలి లేదు. చక్రం గదిలో ఒకేచోట రెండున్నర గంటలు తిరిగింది. సూదాయన గోడకు ఆనుకొని, తన కాళ్లు ఎక్కడెక్కడ పీకాయో ఆ చక్రానికి ఒక్క చోటా పీకడం లేదని గమనిస్తూ కూర్చున్నాడు. అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"మీది రక్తపరీక్షల ల్యాబా?" అని అధికారి మధ్యలో అడిగాడు. "మా డాక్టరు ఊరికే ప్రాణం తీస్తున్నాడు, పరీక్ష చేయించమని. ఇంటికొచ్చి తీస్తారా?"

"ఇంటికే వస్తాం సార్. రాత్రి ఎనిమిదింటి తర్వాత ఏమీ తినకూడదు."

అధికారి నంబరు రాసుకున్నాడు. చక్రం ఆగింది. అరవై మూడు కిలోమీటర్లు. బండి అంగుళం కదల్లేదు.

"కంపెనీ చెప్పినదానికంటే మూడు ఎక్కువే!" అంటూ అధికారి మురిసిపోయి, సర్టిఫికెట్టు మీద గుండ్రటి ముద్ర గట్టిగా గుద్దాడు. ఖాళీ బ్యాటరీతోనే బండిని అప్పగించారు. (చార్జి పెట్టేది పరీక్షకే గాని ప్రయాణానికి కాదు.) గేటు దగ్గర కాపలాదారు రిజిస్టరు తెరిచి, 'పాదచారి వెనుదిరిగెను' అని రాసుకున్నాడు.

మేనేజరు ముద్రను వెలుతురులో పెట్టి చూశాడు. సర్టిఫికెట్టు తెస్తే రూటు మారుస్తానన్న మాట తప్పలేదు. మార్చాడు. ఇంకో మూడు కిలోమీటర్లు పెంచాడు. పెద్ద టీచరమ్మ ఇంటికి అవతల మూడు కిలోమీటర్ల దూరంలో ఎవరో కొత్తాయన ఆ వారమే పేరు నమోదు చేయించుకున్నాడని, దేవుడే చూపించాడని సంతోషించాడు.

ఆ రోజు సూదాయన టీచరమ్మ గుమ్మం ఎక్కేసరికి పదకొండు నలభై. ఆవిడ క్యాలెండరు జోలికి పోలేదు. చెయ్యి చాపింది. రక్తం తీశాక ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకునేదాకా సూదాయన అక్కడే నిలబడ్డాడు. ఐసు పెట్టె మూతకు అంటించిన సర్టిఫికెట్టును ఆవిడ తింటూనే చదివింది. పక్కనే ఉన్న అడ్రసు చీటీలో కొత్త రోగి పేరు చూసింది. సర్టిఫికెట్టు కింద అధికారి సంతకంలోని పేరూ చూసింది.

"అబ్బాయ్, రెండు పేర్లూ ఒకటే!" అంది. ఇన్ని వారాల్లో ఆవిడ నవ్వడం అదే మొదలు.

సూదాయన వీధిలో బండి నెట్టుకుంటూ ఉండగా ఫోన్ మోగింది. అవతలి గొంతులో ఓపిక లేదు.

"ఏమయ్యా, రాత్రి ఎనిమిదింటి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. కళ్లు తిరుగుతున్నాయి. ఎక్కడిదాకా వచ్చావు?"

సూదాయన ఆగాడు. పెట్టె మూత మీద గుండ్రటి ముద్రను ఒకసారి చూసుకున్నాడు.

"సార్, తమరు వేసిన ముద్ర ప్రకారం తొమ్మిదింటి నుంచీ మీ గుమ్మంలోనే ఉన్నానండి. ఒకసారి తలుపు తీసి చూడండి."