ఏడో నంబరు సాంచ సప్పుడు

పొద్దున ఏడు గంటలకు, అద్దె కట్టే సొంత గదిలో సౌండ్ బాక్సు పెట్టుకోవడం ఏ చట్టం ప్రకారం నేరమో చెప్పమని సోమలింగం ఇప్పటికీ కనబడినవాళ్లందరినీ అడుగుతున్నాడు.

అది లాక్‌డౌన్ రెండో నెల. సూరత్‌లో సాంచాలన్నీ, అంటే మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. ఏళ్ల తరబడి ఆ చప్పుడులోనే నిద్రపోయిన తెలుగు నేతన్నలుండే పర్వత్ పాటియా గల్లీలకు ఈ నిశ్శబ్దంలో కంటిమీద కునుకు లేదు. అది చాలదన్నట్టు సోమలింగం పనిచేసే షెడ్డు యజమాని జయంతిభాయ్ శేఠ్ ఫోన్ చేసి, షెడ్డు తెరిచాక సగం మందినే పిలుస్తానని, ఎవరిని పిలవాలో లిస్టు రాసుకుంటున్నానని చెప్పాడు. ఇరవై రెండేళ్లు ఒక్క పూట నాగా పెట్టని సోమలింగానికి ఒళ్లు మండింది. లిస్టులో పేరున్నా లేకున్నా ఇల్లు గడిచేలా ఇంకో ఆదాయం చూసుకోవాలని ఆ పూటే తీర్మానించుకున్నాడు.

దారి చూపింది డిగ్రీ చదువుతున్న కూతురు సుమన.

"పప్పా, ఆన్‌లైన్ల వాన సప్పుడు, రైలు సప్పుడు పెడ్తరు. నీంద్ రానోళ్లు ఇంటరు. చూసేటోళ్లు ఎక్కువైతే పైసలొస్తయ్. మన దగ్గర సాంచ సప్పుడు ఉంది కదా!"

ఉంది. ఏడో నంబరు సాంచ కుంటుతోందని రిపేరు మాస్టరుకు వినిపించడానికి సోమలింగం మార్చిలోనే గంటసేపు ఫోన్‌లో రికార్డు చేశాడు. మాస్టరుకు వినే తీరిక దొరకలేదు. సుమన దాన్నే ఆన్‌లైన్‌లో పెట్టింది. వారం తిరిగేసరికి పదకొండు మంది చూశారు. పదకొండు మందీ చుట్టాలే.

"పైసలు రావాలంటే నాలుగు వేల గంటలు ఎవలన్న చూడాలె పప్పా."

"గంతేనా? నేనే చూస్త. ఇప్పుడు నాకు వేరే పనేముంది?"

సోమలింగం నిజాయితీ గల మనిషి. వినకుండా విన్నట్టు గంటలు రాయించుకోవడం మోసమని అతని బాధ. వంట దగ్గరున్న భార్య బాలవ్వకు కూడా వినబడాలి. అందుకని కింది గది ముత్యం దగ్గర భజన మండలి సౌండ్ బాక్సు అడిగి తెచ్చి కిటికీలో పెట్టాడు. సరిగ్గా ఏడింటికి, షిఫ్టు మొదలయ్యే వేళకు, ఆన్ చేశాడు.

"జర మెల్లగ పెట్టు! గల్లీ మొత్తం లేస్తది!" అని బాలవ్వ అరిచింది. ఆ చప్పుడులో ఆమె అరుపు ఆమెకే వినబడలేదు.

రెండు గల్లీల అవతల పళ్లు తోముకుంటున్న మొండయ్య చెయ్యి ఆగిపోయింది. మూడు దెబ్బలు, చిన్న ఆగుడు, మళ్లీ ఒక దెబ్బ. పదేళ్లుగా ఏడో నంబరును నడిపేది అతనే. దాని కుంటి నడకను అతను నిద్రలో కూడా గుర్తుపడతాడు.

"ఏందిది! నా సాంచను ఎవడో నడుపుతుండు! శేఠ్ మనకు చెప్పకుంట చాటుగ పని షురూ చేసిండు!"

ఆ మాట గల్లీ అంతా పాకింది. పావుగంటలో ముప్పై మంది మాస్కులు కట్టుకుని, కొందరు టిఫిన్ డబ్బాలతో సహా, షెడ్డు ముందుకు చేరారు. షట్టరుకు తాళం ఉంది. బయట తాళం వేసి లోపల నడిపిస్తున్నారని మొండయ్య తేల్చేశాడు. అందరూ కలిసి షట్టరు బాదారు. బాదినంతసేపూ లోపల చప్పుడుందో లేదో వినే వీలు ఎవరికీ లేకపోయింది.

కబురందుకుని శేఠ్ స్కూటరు మీద వచ్చాడు. తెలుగువాళ్లతో ఇన్నేళ్లు మెలిగిన మనిషి కనుక ఆయనకు తెలుగు వచ్చు, ముఖ్యంగా తిట్లు. అవన్నీ అయ్యాక షట్టరు ఎత్తాడు.

"పాగల్ అయినరా? చూడుండ్రి, కరెంటే బంద్ ఉంది!"

ఏడో నంబరు దుమ్ముపట్టి కదలకుండా ఉంది. దాని చప్పుడు మాత్రం దూరం నుంచి వస్తూనే ఉంది.

"మరి గదేంది శేఠ్?" అన్నాడు మొండయ్య.

శేఠ్ చెవి ఒగ్గి విన్నాడు. విని హడలిపోయాడు. "పోలీసోళ్లు ఇంటే నా షెడ్డుకు సీలేస్తరు! ఎవడు వాడు?"

అందరూ చప్పుడు వెంటపడి నడిచి, మూడంతస్తులు ఎక్కి, సోమలింగం తలుపు తోశారు. చేతిలో అప్పడాల కర్రతో ఉన్న బాలవ్వ "ముందుగాల చెప్పులు ఇడువుండ్రి!" అంది. శేఠ్ కూడా విడిచాడు.

సంగతంతా విన్నాక ఆయనకు కోపం నషాళానికి అంటింది. "నా సాంచ సప్పుడు నన్ను అడగకుండ అమ్ముతవా? సగం పైసలు నాయి!" అంటూనే పెద్దగా ఆవలించాడు. కోపం గుర్తొచ్చి మళ్లీ అరిచాడు.

"సాంచ మీదే గని సప్పుడు నాది శేఠ్," అని మొండయ్య అడ్డం వచ్చాడు. "నేను నడిపితేనే అది గట్ల కుంటుతది. సగం నాకు రావాలె."

"మరి నాకేం మిగిలింది?" అని సోమలింగం లేచాడు.

"ఇప్పటిదాంక వచ్చింది జీరో," అంది సుమన. "తీస్కోండ్రి, సగం సగం."

బయట నిలబడ్డ ముప్పై మందీ నవ్వారు. శేఠ్ మొహం కందగడ్డ అయింది. "ఆన్‌లైన్ కమాయి ఉన్నోనికి నౌకరి ఎందుకు? సోమలింగం పేరు కట్. షట్టరు బాదిన మొండయ్య పేరు గూడ కట్!" అని జేబులోని లిస్టు తీసి, అక్కడే రెండు గీతలు గీసి, చెప్పులు వెతుక్కుని దిగిపోయాడు.

నౌకరీ పోతే ఆదుకోవాలని పెట్టుకున్న ఆదాయం ఒక్క రూపాయి రాకముందే నౌకరీని మింగేసింది. ఇదెక్కడి న్యాయం? బాలవ్వ శేఠ్‌ను, సౌండ్ బాక్సును, మొగుణ్ని వరుసగా తిట్టి, సుమన చేత వీడియో తీసేయించింది. మొండయ్య మెట్ల మీద కూలబడి, "నీ ఆన్‌లైన్ పాడుగాను అన్నా!" అంటూ మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు.

ఐదో రోజు పొద్దున శేఠ్ ఫోన్ చేశాడు. గొంతు నీరసంగా ఉంది.

"సోమలింగం, గా సప్పుడు ఫోన్ల దొరుకుతలేదు. ఏడికి పోయింది?"

"మీకెందుకు శేఠ్?"

"నెల దినాలాయె, నిద్ర వస్తలేదు. పుట్టినప్పటి సంది మా ఇల్లు షెడ్ల నడుమనే. మొన్న మీ ఇంట్ల నిలబడితే కండ్లు మూతలు పడ్డయ్."

సోమలింగం ఇరవై రెండేళ్లలో మొదటిసారి శేఠ్‌తో నిలబడకుండా కూర్చుని మాట్లాడాడు. "పెట్టిపిస్త. లిస్టుల నా పేరు రాయుండ్రి. మొండయ్య పేరు గూడ."

"వాడెందుకు?"

"రేపు కొత్త రికార్డు కావాల్నంటే? ఏడో నంబరు వేరేటోని చేతికి పోతే గా కుంటుడు రాదు శేఠ్. ఇంక మీ ఇష్టం."

శేఠ్ రెండు పేర్లూ రాశాడు. రాసిన కాగితం ఫోటో వచ్చాకే సుమన వీడియోను మళ్లీ పెట్టింది. జూన్‌లో షెడ్డు తెరవగానే ఇద్దరూ పనిలోకి వెళ్లారు.

ఆ వీడియోను ఇప్పటికి పన్నెండు మంది చూశారు. దాని మీద సోమలింగానికి వచ్చే ఆన్‌లైన్ ఆదాయమల్లా ఆ పన్నెండో మనిషి ఇచ్చే పాత జీతమే.