గుట్ట ఎక్కేటప్పుడే వచ్చే చప్పుడు

మీ పాత పికప్ లోడెక్కించగానే గడగడలాడుతోందా? మీరు అదృష్టవంతులు! దాన్ని పొరపాటున కూడా బాగుచేయించకండి.

నమ్మరా? అయితే జూలూరుపాడు అవతల, అడవి అంచున ఉన్న తండాకు పదండి. అక్కడ భద్రుకు ఒక పికప్ ఉంది. తండాకూ జూలూరుపాడుకూ మధ్య ఒక గుట్ట. ఎటు నుంచి వచ్చినా ఎక్కి దిగాల్సిందే. బండి నిండా జనంతో ఆ ఎత్తు మొదలైతే చాలు, ఇంజన్ లోపల ఎవరో రోకలితో దంచుతున్నట్టు చప్పుడు. ఖాళీగా ఉంటే మాత్రం ఇన్‌స్పెక్షన్ రోజు బడిపిల్లలంత బుద్ధిగా ఉంటుంది!

ఆ చప్పుడు తండాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. భద్రు భార్య హేమ్లి అది వినే పొయ్యి మీద ఎసరు పెడుతుంది. మక్క చేలల్లో పడే అడవి పందులు దాని దెబ్బకు కారేపల్లి వైపు వలసపోయాయి. బండిలో అత్తాకోడళ్లు పక్కపక్కనే కూర్చున్నా గొడవ రాదు. తిట్టింది వినపడితే కదా! హారన్ పనిచేయక ఎన్నేళ్లయిందో భద్రుకే గుర్తులేదు. ఇన్ని సౌకర్యాలు ఏ కొత్త బండిలో ఉన్నాయి చెప్పండి?

అయినా కృతజ్ఞత లేని భద్రు ఆ చప్పుడును వదిలించుకోవాలనుకున్నాడు. కూతురు సోమ్లికి నెలలు నిండాయి. తండాకు బస్సు లేదు. దవాఖానాకు పోవాలంటే ఈ బండే గతి. గుట్ట మధ్యలో ఇంజన్ ఆగిపోతే? ఆ ఆలోచన వచ్చినప్పటి నుంచి అతనికి అన్నం సహించడం లేదు.

జూలూరుపాడు మెకానిక్ రాంబాబు స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కూ, పిడిని చెవికీ ఆనించి విన్నాడు. షెడ్డులో బండి కిక్కురుమనలేదు.

"ఏదన్నా, చప్పుడేది?"

"లోడుతోని ఎత్తు ఎక్కేటప్పుడే వస్తది తమ్మీ."

"గట్లయితే లోడుతోనే సూద్దాం పా."

పనుల మీద జూలూరుపాడు వచ్చిన తండా జనాన్ని వెనక ఎక్కించుకుని, రాంబాబును ముందు కూర్చోబెట్టుకుని భద్రు బయల్దేరాడు. గుట్ట మొదట్లో బండి నెమ్మదించగానే వెనకున్న వాళ్లంతా బిలబిలమంటూ దిగిపోయారు! తండాలో అదొక మర్యాద. ముందు సీట్లో చుట్టమో పెద్దమనిషో ఉంటే, ఆ చప్పుడుతో వారిని ఇబ్బంది పెట్టకూడదని ఎత్తు దగ్గర దిగి నడుస్తారు.

బండి సడి లేకుండా గుట్టెక్కింది.

"ఇంజన్ మంచిగున్నదన్నా. నీ చెవులకే సర్వీసింగ్ కావాలె!" అన్నాడు రాంబాబు.

వగరుస్తూ పైకి చేరిన ముసలి లాలు మీద భద్రు విరుచుకుపడ్డాడు. "మిమ్ముల దిగుమన్నదెవరు కాకా?"

"మేస్త్రి ముందల కూసున్నడు గదరా! పాపం, మన లొల్లి ఆయనకెందుకని దిగినం."

మరోసారి, ఎవరూ దిగకుండా ఒట్టు పెట్టించి ఎక్కిస్తే అప్పుడు వినిపించింది. రాంబాబు ముఖంలో నవ్వు పోయింది.

"బేరింగ్ అరిగిందన్నా. ఇంజన్ దించాలె. అందాక లోడు తగ్గించు."

"ఎవలను తగ్గించాలె తమ్మీ?"



ఈలోగా, బస్సు కావాలని తండా వాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్న ఫలితంగా ఒక ఆఫీసరు దారి చూడ్డానికి వచ్చాడు. దిగుడు దారి చూసి జీపును గుట్ట మీదే ఆపించాడు. కాలినడకన తండాకు దిగి, అందరికీ అభయమిచ్చి, తిరిగి పైకి భద్రు బండిలో బయల్దేరాడు. సరిగ్గా ఆ పూటే సోమ్లికి నొప్పులు మొదలయ్యాయి. ముందు సీట్లో సోమ్లి, ఆమె పక్కన సారు. వెనక కాలు పెట్టే సందు లేకుండా జనం.

గుట్ట మొదలైంది. తర్వాతేమైందో మీకు తెలుసు. నొప్పులు పడుతున్న ఆడపిల్ల, పైగా ఆఫీసరు! మర్యాద తెలిసిన జనం ఒక్కరు మిగలకుండా దిగారు.

గుట్ట మీద ఆఫీసరు దిగి బండి వెనక్కి చూశాడు. ఖాళీ.

"ఏమయ్యా, ముగ్గురి కోసం బస్సా?"

సోమ్లి పళ్ల బిగువున నొప్పి ఆపుకుంది. "కడుపులది గూడ లెక్కనే సారూ. మిగిలినోళ్లు నడిసొస్తున్నరు. జర ఆగి సూడు."

"టైం లేదమ్మా" అంటూ ఆయన జీపెక్కాడు. మలుపులో లాలు తలపాగా కనిపించేసరికి జీపు లేపిన దుమ్ము కూడా అణిగిపోయింది.

భద్రు ఎవరి కోసమూ ఆగలేదు. ఖాళీ బండిని దవాఖానా దాకా ఉరికించాడు. ఇంజన్ ఒక్క మాట అనలేదు. సోమ్లికి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. గుట్టెక్కిన జనం మాత్రం జూలూరుపాడు దాకా నడిచే వెళ్లారు. కొన్నాళ్లకు ఆఫీసు నుంచి కబురొచ్చింది: బస్సు వేయరట, ఆ దారిలో ప్రయాణికులే లేరట!

ఇప్పుడు రాంబాబు ఇంజన్ దించడానికి సిద్ధంగా ఉన్నాడు. భద్రే దించనివ్వడం లేదు.

"గిది బాగుజేస్తే ఎట్ల తమ్మీ? ఇంకో సారును రానీ. ఈపారి ఎవ్వలం దిగం. ఆయన చెవుల పడ్డంకనే బాగుజేద్దాం."