వాగు దాటని పెట్ట

హోబర్ట్ గ్రీర్ భార్య పేరు ఓసీ. పెళ్ళయిన కొత్తలో ఆ పేరు ముద్దుగానే పలికేది. ఇప్పుడు మాత్రం పిలుపుకీ అదే, తిట్టుకీ అదే. అతను వేరే మాట వెతుక్కునే పని లేకుండా పోయింది.

"ఓసీ! ఇంక ఆపుతావా?"

"ఆపను. ఇప్పుడిప్పుడే శ్రుతిలో పడుతోంది."

"పడుతున్నది శ్రుతిలో కాదే, నా చెవిలో!"

ఆ నార్త్ కరోలినా కొండల్లో డల్సిమర్ అంటే ఒళ్ళో పడుకోబెట్టుకుని ఈకతో మీటే తీగల వాయిద్యమే. చర్చి హాల్లో ఓసీ వాళ్ళ సంగీత గుంపుకి నేర్పే ఎల్కేనా ట్రిప్లెట్ అనే పెద్దాయన మాత్రం దాన్ని మోకాళ్ళ మధ్య నిలబెట్టి, గుర్రపు తోక వెంట్రుకలు కట్టిన కమానుతో లాగి వాయించేవాడు. అది ఆయన చేతిలో ఉంటే ఎవరో ముసలమ్మ పెదవులు విప్పకుండా పాడుకుంటున్నట్టు ఉండేది. ఓసీ చేతిలో ఉంటే ఆ ముసలమ్మ కాలు ఎవరో తొక్కినట్టు ఉండేది.

హోబర్ట్ దాన్ని కూడా భరించేవాడే. భరించలేనిది ఆ పాట.

అది అతని తల్లి మహేలా పాట. పేరు "పెట్ట వాగు దాటింది". వెన్న చిలుకుతూ ఆమె కూనిరాగం తీసేది. ఆమె పోయాక దాన్ని చివరిదాకా విన్నవాళ్ళలో హోబర్ట్ ఒక్కడే మిగిలాడు. వచ్చే ఆదివారం అందరూ సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టే రోజు. అత్తగారి సమాధి దగ్గర ఆ పాట వాయించాలని ఓసీ పట్టుదల. మొదలూ నడుమా ఆమెకి తెలుసు. తోక తెలియదు.

"చివర ఎలా వెళ్తుందయ్యా?"

"నాకు గుర్తులేదు."

పచ్చి అబద్ధం. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. కానీ చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఓసీ పిన్ని కూతురు వర్డీ మొగుడు పోయినేడు ఆ గుంపు వాయించింది విని, మర్యాదకి "బాగుంది" అన్నాడు. అంతే. ఇప్పుడు ప్రతి శనివారం చర్చి హాల్లో గుంపు వాళ్ళ ఎర్ర చొక్కా వేసుకుని, తాళానికి రెండు చెంచాలు తొడకేసి కొడుతున్నాడు. శనివారం అంటే హోబర్ట్‌కి వాగూ, గాలమూ, చేపలూ. నోరు జారి వాటిని పోగొట్టుకుంటాడా!

అతను చెప్పకపోవడంతో ఓసీ తోకలు తనే అతికించసాగింది. రోజుకొకటి. పాట చక్కగా బయల్దేరేది, పెట్ట వాగులో దిగేది, సరిగ్గా నడుమకి వచ్చి మునిగిపోయేది. సోమవారం ఒకలా మునిగింది, మంగళవారం ఇంకోలా. పళ్ళు నూరీ నూరీ హోబర్ట్ దవడ నొప్పి పుట్టింది.

బుధవారం పొద్దున ఓసీ కోళ్ళకి మేత వేయడానికి వెళ్ళిన సందు చూసి, అతను పొయ్యి పక్కన ఉన్న బేకన్ కొవ్వు డబ్బా తీశాడు. వేలితో ఇంత తీసి కమాను వెంట్రుకల పొడుగునా శ్రద్ధగా పట్టించాడు. కన్నబిడ్డకి తలంటినట్టు పట్టించాడు. కొవ్వు పడ్డ కమాను తీగ మీద జారుతుందే తప్ప పలకదు.

ఓసీ వచ్చి కూర్చుంది. కమాను లాగింది. ఉస్సుమంది. మళ్ళీ లాగింది. మళ్ళీ ఉస్సు.

"ఇదేంటయ్యా, నోరు పడిపోయింది దీనికి?"

"తేమ అయ్యుంటుందిలే," అన్నాడు హోబర్ట్ పేపరు వెనకాల నుంచి. ఆ పేపరు తలకిందులుగా ఉంది.

కమానుకి రుద్దే జిగురు బిళ్ళ తీసి ఆమె గట్టిగా రుద్దింది. జిగురూ కొవ్వూ కలిసి పాకమైంది. ఇంతలో గ్రేవీ లేచాడు. గ్రేవీ ఆ ఇంటి వేటకుక్క. పెరట్లోకి జింక వచ్చినా కన్ను తెరవనివాడు, ఇప్పుడొచ్చి ఓసీ ఎదురుగా బుద్ధిగా కూర్చుని, కమాను ఎటు వెళ్తే అటు తల తిప్పడం మొదలుపెట్టాడు.

"చూశావా, కుక్కకున్న సంగీతజ్ఞానం కూడా లేదు నీకు!" అంది ఓసీ. చిక్కుళ్ళు మాడుతున్న వాసన వస్తే, కమాను కుర్చీలో పెట్టి వంటింట్లోకి పరిగెత్తింది.

తిరిగి వచ్చేసరికి కమానూ లేదు, గ్రేవీ లేడు. వరండా కింద నుంచి కరకర చప్పుడు. హోబర్ట్ పాకి వెళ్ళి లాక్కొచ్చేసరికి పుల్ల మిగిలింది. దాని చివర నాలుగు వెంట్రుకలు వేలాడుతున్నాయి.

"అయ్యో పాపం," అన్నాడు. టోపీ కూడా తీశాడు.

ఓసీ ఆ పుల్లని వాసన చూసింది. పొయ్యి పక్కన డబ్బాకేసి చూసింది. అందులో వేలితో గీసిన పెద్ద కాలవ ఉంది. ఆమె కప్పులో కాఫీ పోసి అతని ముందు పెట్టింది.

హోబర్ట్‌కి ఆ కప్పు ముట్టుకోబుద్ధి కాలేదు. ఓసీ తిడితే అతనికి ధైర్యంగా ఉంటుంది. కాఫీ పోస్తేనే భయం.

శనివారం పొద్దున అతను గాలం భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికి అతని ట్రక్కు వెనకాల రెండు కార్లు అడ్డంగా ఆగి ఉన్నాయి. వర్డీ దిగింది. ఆమె మొగుడు చెంచాలతో దిగాడు. ఎల్కేనా డల్సిమర్ సంచితో దిగాడు.

"అక్కకి కమాను లేదట కదా బావా! ఆమె రాలేకపోతే మేం రాలేమా? సాయంత్రం దాకా ఇక్కడే!" అంది వర్డీ.

ఎల్కేనా తన దగ్గరున్న రెండో కమాను ఓసీకి ఇచ్చాడు. గుంపంతా కలిసి మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ ఒక్క పెట్ట మునిగేది, ఇప్పుడు మంద మునుగుతోంది. శ్రుతి మించింది. హోబర్ట్ చెవుల్లో వేళ్ళు పెట్టుకుంటే ఆ సందుల్లోంచి చెంచాలు దూరాయి.

చివరికి ఎల్కేనా కమాను దించి గొంతు సవరించుకున్నాడు.

"మహేలా పాడినదెలాగో ఇక తేలదు. హోబర్ట్‌కే గుర్తులేనప్పుడు ఎవరేం చేస్తారు? నేనొక ముగింపు కట్టాను. రేపటి నుంచి ఇదే మహేలా పాట. పిల్లలకీ ఇదే నేర్పుదాం."

అని వాయించాడు. అది మిఠాయి కొట్టు ముందు గంట మోగినట్టుంది. వర్డీ చప్పట్లు కొట్టింది. "ఎంత ముచ్చటగా ఉందో!"

హోబర్ట్‌కి తల్లి కనబడింది. చిలికీ చిలికీ ఎర్రబడ్డ చేతులు, ఆ చివర ఆమె గొంతు కిందికి దిగి, ఆగి, మెల్లగా ఒడ్డెక్కడం.

"ఛ! ఛ! అలా కాదయ్యా!" గాలం నేలకేసి కొట్టాడు. "పైకి పోదది! కిందికి దిగాలి! కాసేపు ఆగాలి, వాగు నడుమ రాయి మీద నిలబడ్డట్టు! తరవాత ఒడ్డెక్కుతుంది, ఇదిగో ఇలాగ—"

రెండు చేతులతో లేని కవ్వాన్ని ఆడిస్తూ, కళ్ళు మూసుకుని, మొదలూ చివరా అంతా పాడేశాడు.

అతను కళ్ళు తెరిచాడు. ఓసీ కమాను ఎత్తి పాటంతా వాయించింది. ఒక్క తప్పు లేదు. ఒక్క కీచు లేదు. పెట్ట వాగు దాటి, ఒళ్ళు దులుపుకుని వెళ్ళిపోయింది.

హోబర్ట్ ఆమె చేతికేసి, కమానుకేసి చూశాడు. "నీకు... వాయించడం వచ్చా?"

"చలికాలంలోనే వచ్చింది."

"మరి ఇన్నాళ్ళూ ఆ గోలేమిటే?"

"నీకు విసుగొస్తేనే గానీ నిజం రాదు గదా!"

"నాకు గుర్తుందని ఎవరు చెప్పారు?"

"నీ కాలు చెప్పింది. నేను మధ్యలో ఆపినా అది చివరిదాకా తాళం వేసేది. ఇక డబ్బా సంగతంటావా, అది గ్రేవీ చెప్పాడు."

ఎల్కేనా మీసాల చాటున నవ్వుతున్నాడు. ఆ మిఠాయి కొట్టు ముగింపు కూడా ఓసీ కట్టించిందేనని అప్పటికి గానీ హోబర్ట్‌కి వెలగలేదు.

మర్నాడు కొండమీద శ్మశానంలో బంధువులంతా పూలు పట్టుకుని నిలబడ్డారు. మహేలా సమాధి పక్కన ఓసీ కుర్చీ వేసుకుని వాయించింది. హోబర్ట్ అందరికంటే వెనకాల, టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు. పాట వాగు నడుమకి వచ్చింది. కమాను ఆగింది.

ఓసీ చుట్టూ చూసింది. "అయ్యయ్యో, చివర మర్చిపోయానే," అంది.

బంధువులు ఒకరినొకరు చూసుకున్నారు. వర్డీ తిన్నగా హోబర్ట్ వైపు చూసింది. తరవాత అందరూ చూశారు. అతను టోపీకేసి చూశాడు, చెట్లకేసి చూశాడు, తల్లి పేరు చెక్కిన రాయికేసి చూశాడు. ఇక చూడటానికేమీ మిగలక పాడాడు. మొదట గొణిగాడు, తరవాత గొంతు విప్పాడు. ఒడ్డెక్కే దగ్గర గొంతు కొంచెం వణికింది. అక్కడ ఓసీ కమాను వచ్చి కలిసింది.

ఇంటికి వచ్చేదారిలో ట్రక్కు కొండ దిగుతోంది.

"నిజంగానే మర్చిపోయావా?" అన్నాడు హోబర్ట్.

"గుర్తులేదని నువ్వు ఇన్నాళ్ళు చెప్పావు. నేను ఒక్కరోజు చెప్పకూడదా?"

అతను మలుపు దగ్గర గేరు మార్చాడు. "శనివారం ఎన్నింటికి?"

"పదింటికి," అంది ఓసీ. "ఎర్ర చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను."